షెమాన్ గ్రెనియేలో మా దివాణం బిళ్ళ

మా ముత్తాత గెడ్డకోట అప్పలనరసింహరాజు గారు. ఆయన బయలుదేరితే ముందు రెండు నగారాలు మోగేవి, వెనక ఏనుగు మీద ఆయన వచ్చేవారు. మా తాత జగన్నాథరాజు గారి కచేరీలోకి దొరలు కూడా చెప్పులు బయట విడిచే వచ్చేవారని మా ఇంట చెప్పుకునేవారు. మా నాన్నగారి కాలానికి ఏనుగు పోయి నగారాలు మిగిలాయి. ఎస్టేటుల రద్దు చట్టం వచ్చాక ఊళ్ళన్నీ పోయాయి. నా వంతుకు దివాణం, దాని సింహద్వారం, మా మేనత్త రాజ్యలక్ష్మమ్మ గారు మిగిలారు. గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. మోరీసు అని మనవాళ్ళు పిలిచే మారిషస్ దీవిలో నాకు తగిలిన దెబ్బ ఎలాంటిదో తెలియాలంటే ఇది ముందుగా తెలియాలి.

మా సింహద్వారం పైన ఒక టేకు పలక ఉండేది. దాని మీద కుడి పంజా ఎత్తి కూర్చున్న సింహం, చుట్టూ గుండ్రంగా ‘గెడ్డకోట దివాణం’ అన్న అక్షరాలు. అదే ముద్ర రాగి బిళ్ళల మీద వేయించి మా బంట్రోతులకు నడుముకు కట్టించేవారు. కరువు ఏడాది మా ఊళ్ళ జనం విశాఖ రేవుకు నడిచి వెళ్ళి మోరీసు ఓడలు ఎక్కుతుంటే మా ముత్తాత ఆపలేదట. ఒక్కొక్క గుంపు పెద్దను పిలిచి చేతిలో ఒక బిళ్ళ పెట్టి, “ఇది తెచ్చి చూపించిన నాడు మీ మడి మీకు ఇస్తాం” అని మాట ఇచ్చారట. మా ఇంట పుట్టిన ప్రతివాడూ అన్నం తినడంతో పాటు ఈ కథ కూడా నేర్చుకున్నాడు. బిళ్ళ పట్టుకుని తిరిగి వచ్చినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

కిందటేడు మోరీసు నుంచి సింహాచలం యాత్రకు వచ్చిన ఒక తెలుగు మాస్టారు మా ఊరి మీదుగా వెళుతూ మా ద్వారం ముందు నిలబడిపోయారు. “ఈ సింహము మా ద్వీపమున ఒక గృహములో, దేవుని పటముల నడుమ ఉన్నది” అన్నారు. ఆ పూట మా మేనత్తగారు అన్నం ముట్టలేదు.

“మన మాట ఒకరింట్లో పడి ఉంది. ఇవ్వడానికి మడి లేదు. వెళ్ళి ఎదురుగా నిలబడి ఆ సంగతి చెప్పు. ఇంటి పెద్దకు శాలువా కప్పి బిళ్ళ వెనక్కి తీసుకురా. అది వాళ్ళ దగ్గర ఉన్నంతకాలం మనం మాట తప్పినవాళ్ళమే” అన్నారు.

నేను ప్రయాణం కట్టింది అందుకు. వింతలు చూడడానికి కాదు. సముద్రం గురించి రాయను. ఓడలో అందరికీ కడుపు తిప్పింది, నాకూ తిప్పింది.

రేవులో

పోర్ట్ లూయీ రేవులో నా ట్రంకు పెట్టె భుజానికెత్తిన కూలీ ముఖం చూస్తే మా గెడ్డ అవతలి ఊరివాడే అనిపించింది. తెలుగులో పలకరించాను. అతను ఫ్రెంచిలాంటి భాషలో ఏదో అని, పెట్టె కిందకు దించి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని నా వైపు చాచాడు. కూలి కోసం అనుకుని జేబులో చెయ్యి పెట్టాను. అతను నవ్వి, నా చెయ్యి బయటికి లాగి పట్టుకుని ఊపాడు. పెట్టె మోసేవాడు నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. వదిలేదాకా నాకు ఏం చెయ్యాలో తోచలేదు.

నన్ను తీసుకువెళ్ళడానికి వచ్చిన వెంకన్న మాస్టారు ఇదంతా చూసి నొచ్చుకున్నారు. కిందటేడు మా ద్వారం ముందు నిలబడ్డది ఈయనే. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి. “తమరి ప్రయాణము సుఖముగా జరిగినదా?” అని నమస్కరించి, వెంటనే భార్య వైపు తిరిగి “బిస్ పే అలే” అన్నారు. బస్సు వెళ్ళిపోతోందని అర్థమట. పరిగెత్తాం. పరిగెత్తడం కూడా నాకు చాలా ఏళ్ళకు మొదలు.

కాత్ర్ బోర్న్

మాస్టారి ఇల్లు కాత్ర్ బోర్న్‌లో. చుట్టూ పొందికైన చిన్న ఇళ్ళు, ముందు కత్తిరించిన కంచెలు. ఉద్యోగస్తుల ఊరు. వాళ్ళ ఇంట్లో సింహాద్రి అప్పన్న పటం కింద రేడియో ఉంది. ఆ రేడియో చుట్టూ వీధిలోవాళ్ళు చేరి, దొరలు వెళ్ళిపోయాక కొత్త జెండా ఏ రంగుల్లో ఉంటుందో, బియ్యం ధర ఏమవుతుందో వాదించుకునేవారు. స్వాతంత్ర్యం ఇంకా కొద్ది నెలల్లో రానుంది. జెండా మీద ఉన్న శ్రద్ధ కంటే బియ్యం మీద ఉన్న శ్రద్ధ ఎక్కువని గమనించాను. మా దేశంలో ఆ రోజుల్లో పాటలు పాడామని చెప్పాను. “మేమూ పాడతాము, ముందు ధర తెలియవలెను గదా” అన్నారు మాస్టారు.

బజారులో దోల్ పూరి తిన్నాను. శనగపప్పు పొడి కూరిన పల్చని రొట్టె రెండు పొరలు, మధ్యలో టమాటా కూర, పచ్చిమిరప పచ్చడి, కాగితంలో చుట్టి ఇస్తారు. జత పది సెంట్లు. రుచి చాలా బాగుంది. కానీ తినడం మాత్రం నిలబడి, నలుగురూ తోసుకుంటూ వెళుతుండగా. మా ఇంట మగవారు బయటివాళ్ళు చూస్తుండగా నోరు కదిపేవారు కాదు. నేను సందు గోడ వైపు తిరిగి తిన్నాను. అమ్మేవాడు చూసి, “అయ్యగారు గోడకి కూడా పెడుతున్నారా?” అన్నాడని మాస్టారి భార్య తరవాత నాకు అనువాదం చేసి చెప్పింది.

ఇంటిపేర్ల సంగతి ఇంకో వింత. ఓడ దిగిన మొదటి మనిషి పేరును దొరలు ఎలా విని రాసుకుంటే అదే వంశానికి ఇంటిపేరు అయిపోయింది. నేను చూడబోయే ఇంటివారి ఇంటిపేరు సింహాద్రి. ఆ మొదటి సింహాద్రి మా ముత్తాత చేతి నుంచి బిళ్ళ అందుకున్నవాడని నా లెక్క. మా దివాణంలో వంగి నడిచిన మనిషి పేరు ఇప్పుడు ఒక వంశానికి మకుటం.

నన్ను తీసుకువెళ్ళడానికి ఆ ఇంటి మనవడు వచ్చాడు. పేరు రాము. ముప్పై ఏళ్ళవాడు, నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. షెమాన్ గ్రెనియే నుంచి కూరగాయలు తెచ్చి కాత్ర్ బోర్న్ బజారులో అమ్ముతాడు. అతని బండి ముందు సగం మోటారు సైకిలు, వెనక రెండు చక్రాల మీద చెక్క పెట్టె. రెండు స్ట్రోకుల చిన్న ఇంజను. చెరుకు తోటల గతుకుల దారుల్లో కూడా మేకలా ఎక్కుతుందని దాన్ని పొగిడాడు. అమ్ముడుపోని ఉల్లిపాయల బస్తాలు పెట్టెలో ఉన్నాయి.

“అన్నా, నువ్వు వెనక కూచో. ఉల్లి మీద వద్దు. బస్తా మీద ఇంకో బస్తా వేశాను, దాని మీద కూచో.”

మాస్టారి పుస్తకాల భాష వదిలేస్తే ఆ దీవి తెలుగులో ‘మీరు’ అన్న మాట లేదని నాకు అప్పటికే అర్థమైంది. పసివాడికీ దేవుడికీ నాకూ ఒకటే ‘నువ్వు’. ఏనుగు మీద తిరిగినవారి మునిమనవణ్ణి, ఉల్లిపాయల మీద నిటారుగా కూర్చుని బయలుదేరాను.

నువెల్ ఫ్రాన్స్ మలుపులో

దారి ఎత్తుకు పోయేకొద్దీ చలి, సన్నని తుంపర. అది చెరుకు కోతల కాలం. ఎటు చూసినా చెరుకు, మధ్య మధ్య ఏరివేసిన నల్లరాళ్ళ గుట్టలు. ఎక్కుడు దారిలో ఇంజను నుంచి ఒక కొత్త చప్పుడు మొదలైంది. ముక్కు మూసుకుపోయిన మనిషి బలవంతాన ఊపిరి వదిలినట్టు చిక్ చిక్ మని. బలం తగ్గింది. నువెల్ ఫ్రాన్స్ దగ్గర ఒక చీనావాడి కొట్టు ముందు ఆగిపోయింది.

రాము వంగి చూశాడు. ఇంజను తల, కింది సిలిండరు కలిసేచోట నల్లటి నూనె తుంపర్లు చిమ్మి ఉన్నాయి. వేలు పెట్టి, చురుక్కుమంటే తీసి, “జ్వెన్ పోయింది” అన్నాడు. ఆ రెండింటి మధ్య పల్చని రాగి రేకు ఒకటి ఉంటుందట. మన దగ్గర గాస్కెట్టు అంటారు. దాన్ని అక్కడివాళ్ళు జ్వెన్ అంటారు. లోపల పేలే గాలి బయటికి రాకుండా కాపలా కాసేది అదే.

“పా త్రకాసే, అన్నా. దిగులు పడకు. నేను చేస్తాను. మోరీసులో నాకంటే బాగా చేసేవాడు లేడు.”

నాలుగు నట్లు విప్పి తల పైకి తీశాడు. రాగి రేకు ఒక చోట కాలి, వెంట్రుకంత దారి పడింది. ఆ దారినే ఊపిరి పోతోంది. చీనావాడిని అడిగి ఒక బిస్కట్ల అట్టపెట్టె తెచ్చాడు. పాత రేకు దాని మీద పెట్టి గీసి, కత్తిరించి, నూనెలో తడిపి బిగించాడు. చీనావాడు గల్లా దగ్గర నుంచి చూస్తూ ఏదో అన్నాడు. రాము నవ్వలేదు. ఏమన్నాడని అడిగాను.

“బిస్కట్లు తింటే నయం అన్నాడు.”

చీనావాడి మాటే నిజమైంది. నాలుగు మలుపులు తిరిగేసరికి అట్ట కాలిన కంపు, నల్లటి పొగ, మళ్ళీ అదే చిక్ చిక్. ఈసారి ఇంజను నోరు పూర్తిగా పడిపోయింది. ఇంకో రేకు కోసం పట్నం కొట్లో అడిగితే, ఈ మోడలుకు ఓడ మీద రావాలి, రెండు మూడు నెలలు ఆగమన్నారని రాము అప్పుడు బయటపెట్టాడు. అంటే పాత రేకు బలహీనపడిన సంగతి అతనికి ముందే తెలుసు. తెలిసీ నన్ను ఎక్కించుకున్నాడు.

మిల్లుకు చెరుకు దించి ఖాళీగా తిరిగి వెళుతున్న ఎడ్లబండి ఒకటి వచ్చింది. బండివాడు తాడు కట్టాడు. రివియేర్ దెజాంగీ దాటి, సుయాక్ దాటి, సముద్రం పక్కగా, ఎడ్ల వెనక మోటారు బండి, మోటారు బండిలో ఉల్లిపాయలు, వాటి మీద నేను. దారిలో ఒక ముసలామె నన్ను చూసి ఏదో అరిచింది. రాము జవాబు అరిచాడు. “పెళ్ళికొడుకా అని అడిగింది. కాదు, రాజు అన్నాను. ఆమె నమ్మలేదు.”

షెమాన్ గ్రెనియే

నాలుగు వైపులా చెరుకు నిలబడి ఉన్న పెద్ద పల్లె అది. రాము ఇల్లు రేకుల పైకప్పు ఇల్లు, నీలం రంగు తలుపులు. పెరట్లో క్యాబేజీ, బీన్సు, తెల్లారితే కాత్ర్ బోర్న్‌కు పోవలసిన పంట అంతా కోసి గంపల్లో సర్దారు. బండి ఎడ్ల వెనక రావడం చూసి ఇంటి ఆడవాళ్ళ ముఖాలు మారాయి. బస్సులో గంపలు ఎక్కనివ్వరు. లారీ మాట్లాడితే లారీవాడికే లాభం. నన్ను చూసి కాక బండిని చూసి వాళ్ళకు గుండె జారింది. ఎవరైనా మా ఇంటివారిని చూసి గుండె జారడమే నాకు అలవాటు కాబట్టి, ఇది కూడా కొత్తే.

ఇంటి పెద్ద నూకాలు అవ్వ, రాముకు నాయనమ్మ. చిన్న మనిషి, తెల్ల చీర, చెవులకు మాత్రం మా ఊరి పాతకాలపు నాగులు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆ ఇంటి మనిషి నాకు ఎదురు కుర్చీలో కూర్చోవచ్చా అన్న ఆలోచన నాకు వచ్చింది. ఆమెకు రాలేదు.

“ఏ ఊరు బాబూ నీది?”

మా పల్లకీ బోయీల మాట తీరు అది. మా చిన్నప్పుడే మా ఊళ్ళో మాయమైన యాస సముద్రం అవతల చెక్కు చెదరకుండా ఉంది.

“గెడ్డకోట” అన్నాను, వెన్ను నిలబెట్టి.

“అదెక్కడ?”

సముద్రం దాటి మోసుకొచ్చిన పేరు ఆమె వినలేదు. మా పెద్దలది సింహాద్రి కింది ఊరని మాత్రమే వాళ్ళకు తెలుసు.

ముందు భోజనం అన్నారు. అన్నం, పప్పు, చింతపండు చారు, మునగాకు కూర. మునగాకును వాళ్ళు బ్రెడ్ మురుమ్ అంటారు. మనం ఆషాఢంలో తినేది వాళ్ళు ఏడాదంతా తింటారట. తింటుండగా అవ్వ మా దేశంలో వానల గురించి అడిగింది. మా తాతల గురించి అడుగుతుందని నేను ఎదురు చూశాను. ఆమెకు కావలసింది మునగచెట్టు అక్కడ బాగా కాస్తుందా అన్నదే.

భోజనం అయ్యాక దేవుడి అరుగు చూపించారు. అప్పన్న పటం, దాని ముందు దీపం, దీపం ముందు మా బిళ్ళ. గంధం, కుంకుమ తరతరాలుగా మెత్తి మెత్తి అంచున ఉన్న అక్షరాలు పూర్తిగా పూడిపోయాయి. మధ్యన పంజా ఎత్తిన సింహం మాత్రం బయటికి కనిపిస్తోంది.

“అప్పన్న బిళ్ళ” అంది అవ్వ, చేతులు జోడించి. “మా తాత సింహాద్రి నుంచి తెచ్చాడు. నరసింహ సామి. ఈ ఊళ్ళో మొదటి భజన దీని ముందే అయింది. గుడి తరవాత వచ్చింది.”

నేను అబద్ధం ఆడలేను. మా ఇంటి సింహాన్ని దేవుడని మొక్కుతుంటే మౌనంగా ఉండడం కూడా నాకు అబద్ధంగానే తోచింది. అడిగి బిళ్ళ చేతిలోకి తీసుకుని, గోటితో అంచున గంధం గీకాను. ‘గె’ కనిపించింది. తరవాత ‘డ్డ’.

“అవ్వా, ఇది దేవుడు కాదు. మా దివాణం బంట్రోతులు నడుముకు కట్టుకునే బిళ్ళ.”

పెరట్లో నూరుతున్న పొత్రం చప్పుడు ఆగిపోయింది.

“బంట్రోతు అంటే ఏటి?” అన్నాడు రాము.

“రాజుగారి గుమ్మం దగ్గర నిలబడి, చెప్పిన పని చేసేవాడు.”

“పియోనా?”

“అలాంటివాడే.”

రాము అవ్వ వైపు తిరిగాడు. “అవ్వా, మనం ఇన్నాళ్ళూ పియోనుకి దీపం పెట్టాం.”

పెరట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ నవ్వలేదు. నేను నిలబడి కథ అంతా చెప్పాను. కరువు, ఓడ, మా ముత్తాత మాట, బిళ్ళ తెచ్చి చూపిస్తే మడి. శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాను. ఆమె అంచు వేళ్ళతో పట్టి చూసి, “వెచ్చగా ఉంది. క్యూర్పిప్‌లో మా చెల్లి ఇంటికి పోయినప్పుడు కప్పుకుంటాను. అక్కడ చలి” అంది. ఇక బిళ్ళ నాకు తిరిగి ఇప్పించమని అడగబోతున్నాను.

రాము నా చేతిలో నుంచి బిళ్ళ తీసుకున్నాడు. రెండు అడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వచ్చి, అరచేతిలో పెట్టి నా ముఖం ముందు చూపించాడు.

“ఇదిగో అన్నా. తెచ్చాను. చూపించాను. మడి ఇయ్యి.”

అతను ఆటకే అన్నాడు. కానీ ఇంట్లోవాళ్ళందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. ఇన్ని తరాలుగా రాని ఆ రోజును నేనే ఓడ ఎక్కి వచ్చి తెచ్చుకున్నాను.

“మడి లేదు” అన్నాను. “సర్కారు తీసేసుకుంది.”

“తీసుకుని ఏటి చేసింది?” అంది అవ్వ.

“దున్నుకునేవాళ్ళకు ఇచ్చింది.”

“మంచిదే కదా.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే జవాబు చెప్పగలిగేవాణ్ణి. మా దివాణం కూలిన సంగతికి లోకంలో ఎవరైనా అంత తేలిగ్గా ‘మంచిదే’ అనగలరని నాకు అంతవరకు తెలియదు.

“అందుకే వచ్చాను. ఇవ్వడానికి ఏమీ లేదు కనక ఆ మాట వెనక్కి తీసుకోవాలి. బిళ్ళ ఇప్పించండి.”

“ఇచ్చింది వెనక్కి అడుగుతారా మీ కాడ? మా కాడ అడగరు” అంది అవ్వ. బిళ్ళను రాము చేతిలో నుంచి అందుకుని, శాలువా కొంగుతో కాక తన చీర కొంగుతోనే తుడిచింది. కుంకుమ రాలింది. “దేవుడు కాదు అన్నావు. మడి నేదు అన్నావు. మరింక ఇది రాగే కదా బాబూ.”

తరవాత రాము వైపు చూసింది. “నీ బండికి రాగి రేకే కదా కావాలి? సరిపోద్దేమో సూడు.”

చింతచెట్టు కింద

అక్కడితో నేను కోపంగా వెళ్ళిపోయి ఉండవలసింది. ఒక్క మాటతో మా తాతల మాటా, వాళ్ళ తాతల దేవుడూ రెండూ కూరగాయల బండి కిందకు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. తెల్లారేసరికి బజారుకు చేరకపోతే గంపల్లో ఉన్నదంతా వాడిపోతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నా దిగ్భ్రమను పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు.

రాము బిళ్ళను చింతచెట్టు కింద రాతి మీద పెట్టి, చెక్క సుత్తితో కొట్టి కొంచెం పల్చన చేశాడు. అయినా పాత రేకు కంటే మందమే. “ఎక్కుడులో కొంచెం బలం తగ్గుతుంది. పరవాలేదు, క్యాబేజీకి తొందర లేదు” అన్నాడు. కాలిన రేకును దాని మీద పెట్టి మేకు మొనతో గీశాడు. నాలుగు బోల్టులకు నాలుగు రంధ్రాలు చేశాడు. మధ్యన సిలిండరు నోరంత గుండ్రం ఉలితో కొద్దికొద్దిగా కొట్టుకుంటూ తిరిగాడు. ఆఖరి దెబ్బకు మధ్య ముక్క టింగుమని రాతి మీద పడింది. సింహం మొత్తం ఆ ముక్కలో ఉంది. బండికి కావలసిన ఉంగరంలో మిగిలింది చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రమే.

అవ్వ వంగి ఆ ముక్క తీసుకుంది. చింతపండుతో తోమి, కడిగి, కుంకుమ బొట్టు పెట్టి, తీసుకువెళ్ళి దీపం ముందు పెట్టింది.

“దేవుడు కాదని చెప్పాను గదా” అన్నాను.

“నీకు కాదు బాబూ” అంది.

రాము ఉంగరాన్ని చెరుకు ఆకుల మంటలో ఎర్రగా కాల్చి బకెట్టు నీళ్ళలో వేశాడు. రాగి అలా మెత్తబడి, నొక్కినచోట ఒదుగుతుందట. ఇక రెండు వైపులా నున్నగా రాకాలి. అక్షరాల గంట్లు ఉంటే ఊపిరి వాటి గుండానే తప్పించుకుంటుంది. పాత అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, రాము ఇంజను తల శుభ్రం చేయడానికి వంగుతూ నా వైపు చూశాడు.

“అన్నా, చెయ్యి ఖాళీగా ఉంది కదా. రుద్దు.”

నాకు పని చెప్పినవాళ్ళు అంతవరకు లేరు. అయినా ఆ ఉంగరం అందుకున్నాను. మా పేరు పోవడం తప్పనప్పుడు దాన్ని ఎవరో రాకడం కంటే నేను రాకడమే మర్యాద అనిపించింది. చొక్కా చేతులు మడిచి, రాతి మీద కూర్చుని, నూనె చుక్క వేసుకుంటూ గుండ్రంగా రుద్దాను. ముందు ‘దివాణం’లో సున్న పోయింది. గుడులు, దీర్ఘాలు త్వరగా పోతాయి. ‘డ్డ’ లోతుగా చెక్కారు, చాలాసేపు నిలిచింది. వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. అది కూడా పోయాక రాము తీసుకుని వెలుతురుకు పట్టి చూసి, “బాగా చేశావు. నీకు పని వచ్చు” అన్నాడు. జీవితంలో నన్ను ఎవరైనా పని విషయంలో మెచ్చుకోవడం అదే మొదలు. సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాను.

రాము తొందరపడి ఒక పక్క నట్లు రెండూ ముందే బిగించేశాడు. కిక్కు కొడితే మళ్ళీ చిక్ చిక్. అవ్వ గుమ్మంలో నుంచి చూస్తోంది. ఆమె ఏమీ అనకముందే రాము అన్నీ సడలించి, ఈసారి ఎదురెదురు నట్లను ఒక్కొక్క పట్టు చొప్పున బిగించాడు. రెండో కిక్కుకు ఇంజను అందుకుంది. వంగి చెవి దగ్గరగా పెట్టాను. ఇంజను తన చప్పుడు తను చేసుకుంటోంది. మా పేరు ఉన్నచోట నుంచి ఊపిరి రావడం లేదు.

“సామేమ్ సా” అన్నాడు రాము. అదీ సంగతి అని.

తిరుగు దారి

మర్నాడు గంపల మధ్య కూర్చుని ఎక్కుడు దారి ఎక్కాను. నువెల్ ఫ్రాన్స్ మలుపులో రాము బండి ఆపకుండానే చీనావాడికి చెయ్యి ఊపాడు. చీనావాడు తిరిగి బిస్కట్ల పెట్టె ఎత్తి చూపించాడు. కాత్ర్ బోర్న్ బజారులో రాము తన పక్కన నన్ను నిలబెట్టి, కొనడానికి వచ్చిన ప్రతి ఆమెకూ, “ఇతను రాజు. నా బండికి జ్వెన్ ఇతనే వేశాడు” అని చెప్పాడు. ఒక ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, క్యాబేజీ చేత్తో తూచి, “అయితే ధర తగ్గించమను” అంది. తగ్గించాం. మధ్యాహ్నానికి గంపలు ఖాళీ అయ్యాయి. నాకు రెండు దోల్ పూరీలు కొని ఇచ్చాడు. ఈసారి గోడ వైపు తిరగకుండా తిన్నాను.

రేవులో వెంకన్న మాస్టారు “తమరు వచ్చిన కార్యము నెరవేరినదా?” అని అడిగారు. నమస్కారం పెట్టాను. ఓడలో నా వేలి కొసల నలుపు చాలా రోజులు వదల్లేదు.

ఇంటి దగ్గర

మా మేనత్తగారు గుమ్మంలోనే అడిగారు. “బిళ్ళ తెచ్చావా?”

లేదన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. దేవుడి అరుగు, పియోను మాట, ‘మంచిదే కదా’, ఉలి, అద్దం ముక్క, రుద్దింది నేనేనని. ఆవిడ కళ్ళు నా ముఖం మీద నుంచి కదల్లేదు. చివరికి ఒక్క బండి సంగతే అడిగారు.

“బండి నడిచిందా?”

“నడిచింది.”

“ఆగకుండా?”

“ఎక్కుడులో కూడా.”

ఆవిడ సింహద్వారం దాకా నడిచి, తల ఎత్తి పలక వైపు కాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

ఆ వేసవిలో, ఆవిడ మాట మీదే, సింహద్వారం తలుపులు రెండూ, పైనున్న ముద్ర పలకతో సహా, విజయనగరంలో ఒక కలప అడితికి అమ్మేశాం.